నక్కల కోసం కొన్న రైఫిలు

నక్కలు మొదట నీళ్ళ కోసమే వచ్చాయి. పుచ్చకాయల రుచి తర్వాత మరిగాయి.

అది 1976. ఖతర్‌లో అల్ ఖోర్ దాటి ఉత్తరంగా వెళితే, రోడ్డుకి కాస్త లోపలగా అబూ ఖాలిద్ గారి తోట ఉండేది. చమురు డబ్బు దేశంలోకి వచ్చిపడుతున్న రోజులు. దోహాకి వెళ్ళిన ప్రతిసారీ కొత్త భవనం ఒకటి లేచి కనిపించేది. ఆయన ఈడువాళ్ళందరూ ఇళ్ళూ కార్లూ కొంటుంటే అబూ ఖాలిద్ మాత్రం ఇసుకలో పుచ్చకాయలు పండించాలనుకున్నారు. బాపట్లలో వ్యవసాయం చదివిన మా ఆయన సుధాకరరావుని అందుకే రప్పించుకున్నారు. తోటలోనే రెండు గదుల ఇల్లు ఇచ్చారు. పెళ్ళయిన ఏడాదికి నేనూ వెళ్ళాను. పనికి గంగన్న, హన్మాండ్లు అని ఇద్దరుండేవారు. ఇద్దరిదీ జగిత్యాల వైపు. పంపు గది వెనక రేకుల షెడ్డులో ఉండేవారు.

బావినీళ్ళు నల్లటి ప్లాస్టిక్ పైపుల్లో చాళ్ళ వెంట పారేవి. ఫిబ్రవరిలో తీగలు సాగడం మొదలయ్యాక నక్కలు తెల్లవారుజామున వచ్చి పైపుల్ని కొరికి నీళ్ళు తాగడం మరిగాయి. కొరికిన చోట నీళ్ళు మడుగు కట్టేవి. చివరి చాళ్ళకి చుక్క అందేది కాదు. హన్మాండ్లు పాత ట్యూబు ముక్కలు కోసి పైపులకి కట్లు కట్టేవాడు. ఇవాళ కట్టు కడితే రేపు దాని పక్కనే కొరికేవి. బోను పెడితే అందులో పిల్లులు పడ్డాయి. విషం పెడదామంటే అబూ ఖాలిద్ ఒప్పుకోలేదు. ఆయన వేటకుక్కలు తోటంతా తిరిగేవి.

పిందెలు పడ్డాక నక్కలు వాటినీ వదల్లేదు. ఒక ఉదయం ఆయన స్వయంగా వచ్చి చాళ్ళ మధ్య తిరిగి చూశారు. కుర్రతనంలో ముత్యాల వ్యాపారం కోసం బొంబాయిలో ఉన్న మనిషి. మాతో హిందీలోనే మాట్లాడేవారు.

"తుపాకీ కొను," అన్నారు మా ఆయనతో. "నా దగ్గరున్నది సైన్యంలో వాడేది. దాని గుండు నక్కలోంచి దూసుకుపోయి రోడ్డు మీద లారీకి తగుల్తుంది. చిన్నది చూడు. అనుమతి కాగితం నా పేరు మీద తీసుకుంటాను. ధర పంపు మోటారు ధర దాటకూడదు. పెట్టిన గురికి తగలాలి."

"తప్పకుండా," అన్నారు మా ఆయన.

మా ఆయన ఎప్పుడూ చేత్తో తుపాకీ పట్టుకున్నది లేదు. ఆ సాయంత్రం దోహా నుంచి తెప్పించుకున్న కేటలాగు ముందేసుకుని కూర్చున్నారు. బొమ్మల్లో అన్నిటికన్నా అందంగా ఉన్నదాని దగ్గర ఆగిపోయారు. నున్నటి వాల్‌నట్ చెక్క, దాని మీద పరుగెడుతున్న జింక.

"ఇదెలా ఉంది?"

"దాని గుండు పెద్దదండీ. ఆయన వద్దన్నది అలాంటిదే," అన్నాను.

"నీకెలా తెలుసు?"

"కింద రాసుందిగా."

నేను ఏలూరులో చదువుకున్న రోజుల్లో ఎన్.సి.సి.లో ఉండేదాన్ని. ఏటా ఫైరింగ్ ఉండేది. మాకు నేర్పిన హవల్దారు పంజాబీ మనిషి. ఆడపిల్లలమని మెత్తగా చెప్పేవాడు కాదు. రైఫిల్ని అరచేతిలో గుడ్డులా పట్టుకోమనేవాడు, ఊపిరి సగం వదిలి అక్కడ ఆపమనేవాడు. మూడో ఏడాది మా బెటాలియన్‌లో నాకే మొదటి స్థానం వచ్చింది. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ సంగతి చెబితే అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. తర్వాత ఆ ఊసు మళ్ళీ రాలేదు.

ఆ వారంలో ఇద్దరం దోహా వెళ్ళాం. బజారులో తుపాకులూ గాలాలూ డేగల తోలు తొడుగులూ ఒకే చోట అమ్మే దుకాణం ఒకటుంది. అందులో పనిచేసే హమీదుద్దీన్‌ది హైదరాబాద్. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని కౌంటరు దాటి బయటికొచ్చాడు.

"మనోళ్ళేనా! బైఠో సాబ్. అమ్మా, కూసోండ్రి. ఏం వేటకు?"

"నక్కలు," అన్నారు మా ఆయన.

మూడు రైఫిళ్ళు తెచ్చి గుడ్డ మీద పరిచాడు. మొదటిది కేటలాగులో చూసిన జింకబొమ్మది. మా ఆయన దాన్నే చేతిలోకి తీసుకున్నారు. రెండోది నేను కాలేజీలో పేల్చిన రకం, సన్న తూటాది. చవక. మూడోది చెకోస్లొవేకియాలో తయారైంది. చెక్క మీద ఏ బొమ్మా లేదు, నునుపు కూడా అంతంతమాత్రం. గొట్టం మాత్రం రెండోదానికన్నా మందంగా ఉంది.

"ఎంత దూరంకెళ్ళి కొడ్తరు?" హమీదుద్దీన్ అడిగాడు.

మా ఆయన నా వైపు చూశారు.

"నూరు గజాలు. గాలి లేకపోతే నూటయాభై," అన్నాను.

అతను ఇక నాతోనే మాట్లాడాడు. సన్న తూటా నూరు గజాల దగ్గరికి పోయేసరికి కిందికి వాలిపోతుందనీ, ఇక్కడి గాలికి పక్కకి కూడా పోతుందనీ, నక్క చావకుండా గాయంతో పారిపోతుందనీ చెప్పాడు. చెక్ రైఫిలు గుండు కూడా చిన్నదే, కానీ వేగం ఎక్కువ. సూటిగా పోతుంది, నేలకి తగిలితే ముక్కలైపోతుంది, ఎగిరి దూరం పోదు. బోల్టు రకం కాబట్టి ఒకటి పేల్చాక చేత్తో వెనక్కి లాగి ఇంకోటి ఎక్కించాలి. తొందర ఉండదు. చెడిపోయేదీ తక్కువ.

నేను బోల్టు లాగి చూశాను. వదులు లేదు. ట్రిగ్గరు గట్టిగా లేదు, మరీ తేలిగ్గానూ లేదు. పర్సులోంచి ఒక నోటు తీసి గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చి లాగాను. కొస నుంచి మధ్య దాకా ఎక్కడా పట్టుకోకుండా వచ్చింది. గొట్టం చెక్కకి ఒరుసుకుంటే వేడెక్కినప్పుడల్లా గురి మారిపోతుందని మా హవల్దారు చెప్పేవాడు. జింకబొమ్మదానికీ అలాగే చేశాను. నోటు మధ్యలో ఇరుక్కుంది.

"అరే వా," అన్నాడు హమీదుద్దీన్.

"చూడ్డానికి అది బావుంది," అన్నారు మా ఆయన, జింకబొమ్మని ఇంకా వదలకుండా.

"ఆ ధరకి ఇదీ వస్తుంది, పైన బిగించడానికి మంచి దుర్భిణీ కూడా వస్తుంది. కనపడకపోతే ఎంత మంచి రైఫిలైనా ఏం కొడుతుందండీ?"

ఆయన జింకబొమ్మని గుడ్డ మీద పెట్టేశారు. చెక్ రైఫిలూ, నాలుగు రెట్లు పెద్దగా చూపించే మామూలు దుర్భిణీ, తూటాల పెట్టెలూ తీసుకున్నాం. అన్నీ కలిపినా పంపు మోటారు ధరకి లోపలే వచ్చాయి.

మర్నాడు సాయంత్రం తోట చివర ఇసుక కట్టకి ఖర్జూరం పెట్టె ఒకటి ఆనించి, దాని మీద గంగన్న సున్నంతో గుండ్రంగా గీశాడు. మా ఆయన సిమెంటు బస్తా మీద రైఫిలు ఆనించి పడుకున్నారు. మొదటి గుండు కట్టకి పైగా పోయింది. రెండోది పెట్టెకి బారెడు దూరంలో ఇసుక లేపింది. మూడోది ఎటు పోయిందో తెలియలేదు.

"దుర్భిణీ సరిగ్గా లేదు," అన్నారు లేచి భుజం తడుముకుంటూ.

దుర్భిణీ కొత్తగా బిగించింది, సర్దాల్సిందే. కానీ ఆయన ట్రిగ్గరు నొక్కే ముందు రెండు కళ్ళూ మూసేస్తున్నారు. అది గంగన్న కూడా చూశాడు. పెట్టె దగ్గరికి నడిచాడు.

"నువ్వు సర్దు," అని ఆయన రైఫిలు నాకిచ్చారు.

కొంగు నడుముకి దోపి పడుకున్నాను. మూడు గుండ్లు పేల్చాను. మూడూ గీతకి కిందగా, కుడిపక్కన, అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. దుర్భిణీ మరలు తిప్పి ఇంకో మూడు పేల్చాను. గంగన్న పెట్టె ఎత్తుకుని తెచ్చి చూపించాడు. ఈ మూడూ సున్నం గీత లోపలే ఉన్నాయి.

"అమ్మా, మీకు ఇది యాడ అలవాటు?"

"కాలేజీలో."

"మా ఊళ్ళె దొర తానె ఉంటుండె తుపాకి. దొరసాని సుత ముట్టకపోతుండె," అన్నాడు. మా ఆయన అప్పటికే ఇంటివైపు నడుస్తున్నారు.

కాల్చడానికి పంపు గది కప్పు ఎంచుకున్నాను. పైనుంచి కిందికి కాలిస్తే గుండు నేలలోకే పోతుంది. అవతల కట్ట ఉంది. ఒక నియమం పెట్టాను. నేను కప్పెక్కే రోజుకి ముందు సాయంత్రమే గంగన్నకి చెబుతాను. నేను దిగి పంపు మోటారు వేసేదాకా ఎవరూ చాళ్ళలోకి రాకూడదు. గంగన్న, హన్మాండ్లు దాన్ని ఏ రోజూ తప్పలేదు.

మొదటి నక్కని చూసినప్పుడు బక్కదని తెలిసింది. మన దగ్గరి నక్కకన్నా చిన్నది, చెవులు పెద్దవి. పైపు దగ్గర కూర్చుని పిల్లిలా కొరుకుతోంది. ఊపిరి సగం వదిలాను. చప్పుడయ్యాక అది ఉన్నచోటే పక్కకి ఒరిగింది. నాకు సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. పైపు మీద నా కళ్ళు ఉన్నాయి, దానికి తగల్లేదు కదా అని. మా ఆయన నా పక్కనే కూర్చుని చూశారు. దిగేటప్పుడు రైఫిలు ఆయన భుజాన వేసుకున్నారు. నాకు బరువవుతుందని తీసుకున్నారనుకున్నాను.

ఆ నెలలో నక్కలు తగ్గాయి. చివరి చాళ్ళకి నీళ్ళందాయి. కాయలు ఊరాయి. అబూ ఖాలిద్ వచ్చి కట్ట దగ్గర నక్కల్ని పాతిపెట్టిన చోట్లు చూసి మా ఆయన వీపు తట్టారు. "ఇంజనీర్! నీ చెయ్యి ఇంత గట్టిదని నాకు చెప్పలేదేం?" పెద్ద చదువు చదివిన వాళ్ళని ఆయన అలాగే పిలిచేవారు.

మా ఆయన చిన్నగా నవ్వారు. అబద్ధం ఆడలేదు. కాదనలేదు, అంతే. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

తర్వాత అబూ ఖాలిద్ ఆయన్ని తన ఇంటి మజ్లిస్‌కి పిలవడం మొదలుపెట్టారు. అందరూ వరసగా కూర్చుని కాఫీ తాగే పెద్ద గది అది. ఇండియా వాళ్ళని అందులో కూర్చోబెట్టడం అరుదు. మా ఆయన వచ్చి ఎవరెవరు ఉన్నారో చెప్పేవారు. ఒకరోజు, "నక్క పరుగెడుతుంటే కూడా నేను కొట్టానని అందరికీ చెప్తున్నారు అబూ ఖాలిద్," అన్నారు.

"పరుగెడుతుంటే నేనెప్పుడూ కాల్చలేదే," అన్నాను.

"అదే. ఆయనే కలిపి చెప్తున్నారు."

"మీరేమన్నారు?"

ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు. నేను అన్నం వడ్డించాను. ఆ రోజుల్లో నాకు తెల్లవారుజామున ఆ కప్పు మీద గడిచే సమయం చాలనిపించేది. మిగతాది ఎవరి పేరు మీద పోతే ఏమని అనుకునేదాన్ని.

ఏప్రిల్ మొదట్లో హన్మాండ్లు సెలవు అడిగాడు. రెండేళ్ళ ఒప్పందం ముగిసింది. వాడు వచ్చేటప్పుడు కడుపులో ఉన్న కొడుకు ఇప్పుడు నడుస్తున్నాడు. మా ఆయన కోత అయ్యాక వెళ్ళమన్నారు. రెండు రోజులకోసారి అడిగేవాడు. ఒక సాయంత్రం అబూ ఖాలిద్ బండి దిగుతుండగా మాట పెరిగింది.

"కాయితంల రెండేండ్లు అని రాసుంది సారు. నా దినాలు అయిపోయినయి. నేను పోత."

"కోత మధ్యలో వదిలేసి పోతావా? నువ్వెలా వెళ్తావో నేనూ చూస్తాను."

అబూ ఖాలిద్‌కి కూడా తెలియాలని ఆ మాట ఆయన హిందీలో అన్నారు. అబూ ఖాలిద్ విన్నారు. హన్మాండ్లు భుజాన ఉన్న ట్యూబు ముక్కలు నేలకేసి కొట్టి షెడ్డులోకి పోయాడు.

ఆ రోజే లోపల కూర్చుని అబూ ఖాలిద్ మరో సంగతి చెప్పారు. శుక్రవారం దోహా నుంచి అతిథులు వస్తున్నారు. తోట చూస్తారు, కాయలు తింటారు, ఇంజనీర్ కాల్చి చూపిస్తాడు.

ఆయన వెళ్ళాక అన్నానికి కూర్చున్నాం. తింటూ మా ఆయనే, "ఊపిరి ఎక్కడ ఆపుతావు?" అని అడిగారు.

"సగం వదిలాక."

"కన్ను?"

"మూయకూడదు. ఏమండీ, ఆయనతో ముందే చెప్పేయకూడదూ?"

"ఏమని చెప్పను? ఇన్నాళ్ళ తర్వాత?"

మర్నాడు నేను కాల్చే రోజు కాదు. గంగన్నకి ఏమీ చెప్పలేదు. తెల్లవారుతుండగా పంపు గది వైపు నుంచి ఒక్క చప్పుడు వినిపించి లేచాను. పక్కన ఆయన లేరు. మూలన రైఫిలు లేదు. తర్వాత గంగన్న అరుపు.

నేను వెళ్ళేసరికి హన్మాండ్లు మూడో చాలులో పైపు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. చలికి మట్టిరంగు దుప్పటి కప్పుకుని, వంగి కూర్చుని పైపుకి కట్టు కడుతున్నాడట. గుండు పిక్క కండ చీల్చుకుంటూ పోయింది. నా కొంగు చింపి మోకాలి కింద గట్టిగా కట్టాను. ట్యూబు ముక్క వాడి చేతిలోనే ఉంది, వదలడం లేదు. మా ఆయన కప్పు మీంచి దిగి వచ్చి అక్కడే నిలబడ్డారు. రైఫిలు కింద పెట్టాలని కూడా తోచలేదు ఆయనకి. నేనే తీసుకుని బోల్టు వెనక్కి లాగి ఉంచాను.

"బండి తీయండి," అన్నాను.

పికప్ వెనక పరుపు వేసి, గంగన్న ఒళ్ళో తల పెట్టి, దోహా తీసుకెళ్ళారు. ఎముకకి తగల్లేదని డాక్టరు చెప్పాడట. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకి చెప్పాలన్నారు. కబురు తెలిసి అబూ ఖాలిద్ ఆసుపత్రికి వెళ్ళి, తోట నాది, విషయం నేను తెలుసుకుని సాయంత్రం వచ్చి చెబుతానని అక్కడ మాటిచ్చి, మధ్యాహ్నానికి తోటకి వచ్చారు. మా ఆయన, గంగన్న కూడా ఆయన వెంటే వచ్చారు.

పంపు గది నీడలో కుర్చీ వేయించుకున్నారు. కాఫీ వద్దన్నారు.

"ఏం జరిగింది?"

"నక్క అనుకున్నాను," అన్నారు మా ఆయన.

"నీ గురి తప్పిందని నేనెప్పుడూ వినలేదు. ఇన్ని నక్కల్ని కొట్టినవాడివి, మనిషికీ నక్కకీ తేడా తెలియలేదా? మొన్న నా ముందే వాడితో ఏమన్నావు? ఎలా వెళ్తావో చూస్తానన్నావు."

మా ఆయన ముఖంలో రక్తం లేదు. తన మీద అనుమానం ఎటు నుంచి వస్తోందో ఆయనకి అప్పుడు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది.

"అలా కాదు," అన్నారు.

నేను రెండడుగులు ముందుకొచ్చాను. "నక్కల్ని కొట్టింది నేను. ఈయనకి కాల్చడం రాదు," అన్నాను.

అబూ ఖాలిద్ నా వైపు చూడలేదు. మా ఆయన వైపే చూశారు. "నీ భార్య మంచిది. నీ కోసం ఏమైనా చెబుతుంది," అన్నారు.

"ఆవిడ చెప్పింది నిజం," అన్నారు మా ఆయన. చాలా మెల్లగా అన్నారు. అబూ ఖాలిద్ ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారి, ఈసారి గంగన్నకి కూడా వినపడేలా చెప్పారు.

అబూ ఖాలిద్ లేచి ఖాళీ నూనె డబ్బా ఒకటి గంగన్న చేత కట్ట దగ్గర పెట్టించారు. రైఫిలు మా ఆయన చేతికిచ్చారు. ఆయన పడుకున్నారు. ఇసుక ఎక్కడో లేచింది. ఇంకోసారి పేల్చమన్నారు. ఈసారి అదీ కనపడలేదు.

"తప్పాలనుకుంటే ఎవడైనా తప్పుతాడు," అన్నారు అబూ ఖాలిద్. ఆయన రైఫిలు తీసుకుని కొంతసేపు చేతిలో ఉంచుకున్నారు. తర్వాత నాకు అందించారు.

ఎండ ఎక్కువగా ఉంది. డబ్బా చుట్టూ గాలి కదులుతున్నట్టు కనిపిస్తోంది. పొద్దున కొంగు చింపిన చీర అంచునే నడుముకి దోపుకున్నాను. బస్తా మీద రైఫిలు ఆనించి పడుకుని, ఇసుక కాలుతున్నా కదలకుండా ఉన్నాను. బోల్టు మూశాను. ఎవరు చూస్తున్నారో ఆ కాసేపు నాకు తెలియలేదు. డబ్బా మోగి వెనక్కి పడింది.

"ఇంకోటి," అన్నారాయన.

గంగన్న పాలడబ్బా పెట్టాడు. పిడికిలి అంత ఉంటుంది. అదీ పడింది.

అబూ ఖాలిద్ గంగన్నని దగ్గరికి పిలిచారు. "నీకు తెలుసా ఇది?"

"మా ఇద్దరికి ఎరుకే సాబ్," అని గంగన్న వచ్చీరాని హిందీలో చెప్పాడు. "మమ్ముల అడిగినోళ్ళు లేరు."

"హన్మాండ్లుకి?"

"వానికి సుత. పొద్దున బండ్ల గదే అన్నడు సాబ్. అమ్మ పైన లేదనుకొని పోయిన, సారు ఉంటడని ఎరుక లేదు అన్నడు."

ఆయన రైఫిలు నా దగ్గర్నుంచి తీసుకుని, బోల్టు లాగి, లోపల ఏమీ లేదని వేలు పెట్టి చూసుకున్నారు.

"పోలీసులకి పొరపాటున జరిగిందని చెబుతాను. పొద్దున్నే చెప్పి ఉంటే నిజం తెలియకుండా చెప్పినట్టుండేది," అన్నారు. మా ఆయనతో, "పుచ్చకాయ సంగతి నీకు తెలుసు. దీన్ని మాత్రం ముట్టుకోకు," అన్నారు. వెళ్ళేముందు రైఫిల్ని నా పక్కన గోడకి ఆనించి వెళ్ళారు.

శుక్రవారం అతిథులు రాలేదు.

హన్మాండ్లుకి గుండు తగిలిన రోజు సాయంత్రమే మా ఆయన పెట్టె కిందికి దించి మూత తెరిచారు. "వెళ్ళిపోదాం. ఇక్కడ ఎవరి ముఖం చూడను?"

"హన్మాండ్లు అక్కడ మంచం మీదుండగా ఎలా వెళ్తాం?"

ఆయన మూత వేసి పెట్టెని మంచం కిందకి తోశారు.

తర్వాత ఆయన రోజూ పనయ్యాక దోహా వెళ్ళేవారు. నేను పెరుగన్నం, చారు కట్టిచ్చేదాన్ని. మొదటి రోజు హన్మాండ్లు గోడవైపు తిరిగి పడుకున్నాడట. రెండో రోజూ అంతే. ఆయన గిన్నె పెట్టి, కూర్చుని, లేచి వచ్చేవారు. ఆ వారం చివర నేనూ వెంట వెళ్ళాను. హన్మాండ్లు కూర్చుని ఉన్నాడు. మా ఆయన వాడి గడ్డానికి సబ్బు రాసి గీస్తున్నారు. ఎప్పటినుంచి గీస్తున్నారో నాకు చెప్పలేదు.

"కదలకు, తెగుతుంది," అన్నారు మా ఆయన.

"ఇగ తెగనీకి ఏమున్నది సారు," అన్నాడు హన్మాండ్లు. ఇద్దరూ నవ్వలేదు. నాకు మాత్రం ఊపిరి తేలికైంది.

కోత ముగిసేలోపే అబూ ఖాలిద్ వాడి ప్రయాణం ఏర్పాటు చేశారు. సెలవు జీతంతో పాటు ఇంకా ఏదో ఇచ్చారని విన్నాను. ఎంతో అడగలేదు. విమానం ఎక్కించడానికి మా ఆయన, నేను వెళ్ళాం. వాడు కర్ర సాయంతో నడుస్తున్నాడు. మడమ పూర్తిగా ఆనడం లేదు. అది అలాగే ఉండిపోవచ్చని డాక్టరు చెప్పాడు. మా ఆయన వాడి రేడియో పెట్టె, దుప్పట్ల మూట మోసుకుంటూ వెనక నడిచారు.

లోపలికి వెళ్ళే ముందు హన్మాండ్లు ఆగాడు. "సారు, ఊళ్ళె కాలు సంగతి అడుగుతరు. ఏం జెప్పాలె?"

"జరిగింది చెప్పు. మా సారుకి కాల్చడం రాదు, వచ్చని అందరినీ అనుకోనిచ్చాడు. నన్ను నక్క అనుకున్నాడు. అలాగే చెప్పు."

"అట్ల జెప్తె నా పేరు పోయి నక్కోడు అని పడుతది సారు. సచ్చేదాక గదే పిలుస్తరు. మోటరు మీద పడ్డ అని జెప్త." మూట అందుకోబోయి తూలాడు. మా ఆయన పట్టుకున్నారు. హన్మాండ్లు ఆయన చెయ్యి వెంటనే విడిపించుకోలేదు. "నా పెండ్లాం నర్సవ్వకు మాత్రం అసలుది జెప్త. దాని తాన నాకు ఏది ఆగది," అన్నాడు. నాకు దండం పెట్టి లోపలికి పోయాడు. కర్ర చప్పుడు కాసేపు వినిపించింది.

తిరుగు దారిలో అల్ ఖోర్ దాటాం. రోడ్డు పనులు జరుగుతున్నాయి. లారీలు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తున్నాయి. తోట మలుపు దగ్గర మా ఆయన బండి నెమ్మది చేశారు.

"కట్లు కట్టడానికి ఇక హన్మాండ్లు లేడు. గంగన్న ఒక్కడికీ కుదరదు. రేపటి నుంచి పొద్దున్నే పైపులు నేను చూసుకుంటాను," అన్నారు.

"సరే."

"నువ్వు కాల్చేటప్పుడు నేను ఎక్కడుండాలో చెప్పు."

"నా వెనకాల," అన్నాను.

ఆయన తలూపి, గేరు మార్చి, బండిని తోటలోకి తిప్పారు.